నెగెటివ్ కంట్రోల్ పాజిటివ్ వచ్చిన రోజు

2020 జులై చివరి వారం. రాత్రి 11 దాటింది. ఆ రోజు కరోనా పరీక్షల్లో మూడో ప్లేటు రన్ పూర్తయి గ్రాఫ్ తెర మీదకి వచ్చింది. 96 గుంటలున్న ప్లేటులో చివరి వరుసలో ఒక గుంటలో పేషెంటు శాంపిల్ వేయం, ఉత్త నీళ్లే వేస్తాం. దాన్ని ఎన్‌టీసీ అంటాం, నెగెటివ్ కంట్రోల్ అన్నమాట. దాని గీత నేలకి అంటుకుపోయినట్టు చివరిదాకా చదునుగా సాగాలి. ఆ రాత్రి అది 34వ సైకిల్ దగ్గర, అంటే జన్యు ముక్కల్ని మెషీన్ 34వ విడత రెట్టింపు చేసేటప్పుడు, తలెత్తింది.

నీళ్లలో కరోనా ఉందంటోంది మెషీన్. అంటే ఆ ప్లేటులో వచ్చిన ఏ పాజిటివ్‌నీ నమ్మడానికి లేదు. అవతల వార్డుల్లో, క్వారంటైన్ సెంటర్లలో ఆ రిపోర్టుల కోసం జనం ఎదురుచూస్తున్నారు. తప్పు పాజిటివ్ అంటే ఏ జబ్బూ లేని మనిషిని తీసుకెళ్లి నిజంగా జబ్బున్న వాళ్ల మధ్య పడుకోబెట్టడం. ఆ టెన్షన్‌లో నాకు చేతులు చల్లబడ్డాయి.

నేను కోస్తా ఆంధ్రలో ఒక బోధనాసుపత్రి మైక్రోబయాలజీ విభాగంలో పనిచేస్తాను. ఇది మా ల్యాబ్‌లో జరిగిన విషయమే. ఎవరి నిర్లక్ష్యమూ లేకుండా, అందరూ ఒళ్లొంచి శుభ్రం చేస్తూండగానే జరిగింది. అందుకే వివరంగా రాస్తున్నాను.

మా గదులు

వైరస్ ఆర్ఎన్ఏని డీఎన్ఏగా మార్చి, పెంచి చూసే ఈ ఆర్‌టీపీసీఆర్ పనికి కనీసం మూడు గదులు కావాలి. మొదటిది క్లీన్ రూమ్. అక్కడ మాస్టర్ మిక్స్, అంటే పరీక్షకి కావలసిన రసాయనాల మిశ్రమం, కలుపుతాం. పేషెంటు శాంపిల్ గానీ, దాన్నుంచి తీసిన ఆర్ఎన్ఏ గానీ ఆ గడప దాటి లోపలికి రాకూడదు. రెండోది ఎక్స్‌ట్రాక్షన్ గది, శాంపిల్ నుంచి ఆర్ఎన్ఏ తీసేది. స్వాబ్ ఉన్న వీటీఎం (శాంపిల్‌ని చెడకుండా ఉంచే ద్రవం) ట్యూబులు తెరిచేది, గాలిని లోపలికి లాగి వడగట్టే అక్కడి బయోసేఫ్టీ క్యాబినెట్‌లోనే. మూడోది మెషీన్ గది. మనుషులైనా వస్తువులైనా మొదటి గది నుంచి మూడో గది వైపే పోవాలి, వెనక్కి రాకూడదు.

మాకు ఉన్నది పాత బిల్డింగు. ఒక స్టోర్ రూమ్‌నీ, పీజీలు చదువుకునే గదినీ అల్యూమినియం పార్టిషన్లు పెట్టి విడగొట్టుకున్నాం. మూడింటికీ ఒకటే వరండా. ఏప్రిల్‌లో మొదలుపెట్టినప్పుడు రోజుకి ఒకటిన్నర ప్లేటు నడిచేది. జులైకి రాత్రీ పగలూ షిఫ్టులే. బ్యాక్టీరియాలజీ, సీరాలజీ, బ్లడ్ బ్యాంకు నుంచి కూడా టెక్నీషియన్లను తెచ్చుకున్నాం. అందరూ చేయి తిరిగినవాళ్లే గానీ, పీసీఆర్ మాత్రం చాలామందికి కొత్త.

ఆ రోజుల్లో శుభ్రత అంటే జనానికున్న ఊహ వేరు. కొన్ని రైతు బజార్ల దగ్గర సొరంగాలు కట్టి మనుషుల మీద హైపో, అంటే సోడియం హైపోక్లోరైట్ ద్రావణం, కొట్టారు. అలా మనుషుల మీద మందు చల్లవద్దని కేంద్ర ఆరోగ్యశాఖ 2020 ఏప్రిల్ 18న స్పష్టంగా చెప్పింది. మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అదే మాట చెప్పింది. అయినా ఘాటు వాసన వస్తేనే శుభ్రమైనట్టన్న నమ్మకం పోలేదు. మా ల్యాబ్‌లోనూ ఆ నమ్మకమే ఉండేది, నాతో సహా.

తుడిచినకొద్దీ పెరిగింది

ఆ రాత్రి ప్లేటు ఆపేశాం. చేయి జారి శాంపిల్ చుక్క ఎన్‌టీసీ గుంటలో పడిందేమోనని మొదట అనుకున్నాం. తెల్లవారుజామున మరొకరి చేత రన్ చేయించాం. మళ్లీ తలెత్తింది, ఈసారి 33 దగ్గర. ఇక గదులన్నీ కడగాలన్నాను. మూడు గదులూ రెండుసార్లు హైపోతో తుడిపించాం. బెంచీలు, పైపెట్లు, ఫ్రిజ్ పిడి అన్నీ 70 శాతం స్పిరిట్‌తో తుడిచాం. యూవీ లైటు రాత్రంతా వేసి ఉంచాం.

మర్నాడు ఎన్‌టీసీ 31 దగ్గర పైకి లేచింది.

పీసీఆర్‌లో ఈ అంకె తగ్గిందంటే సరుకు పెరిగినట్టు. ఒక్కో సైకిల్‌కి ముక్కల సంఖ్య రెట్టింపవుతుంది కాబట్టి, 33 నుంచి 31కి, రెండు సైకిళ్లు ముందుకి జరిగిందంటే సుమారు నాలుగు రెట్లు. రోజంతా కడిగి, నాలుగు రెట్లు పెంచుకున్నాం. ఆ అంకె చూశాకే నాకు విషయం తలకెక్కింది. మేం చంపాలని చూస్తున్నది వైరస్‌ని. ప్లేటులో కనపడుతున్నది వైరస్ కాదు.

కరోనా వైరస్‌కి పైన కొవ్వు పొర ఉంటుంది. సబ్బుకి, స్పిరిట్‌కి ఆ పొర కరిగిపోతుంది, దాంతో వైరస్ పని అయిపోతుంది. బల్ల మీద పడ్డ వైరస్‌ని తీసేయడం నిజానికి తేలికైన పని. మెషీన్‌లో తయారయ్యే డీఎన్ఏ ముక్కలు అలా కాదు. వాటికి ప్రాణం లేదు, రోగం తేవు, అలాగని అంత సులువుగా పోవు కూడా. లెక్క ప్రకారం ఒక్క ముక్క 30 సైకిళ్లలో 107 కోట్ల ముక్కలవుతుంది. కంటికి కనపడనంత తుంపర బయటికి వచ్చినా అందులో లక్షలు ఉంటాయి. స్పిరిట్ వాటిని ఏమీ చేయదు. అసలు మాలిక్యులర్ బయాలజీలో డీఎన్ఏని విడదీసి దాచుకోవడానికే ఆల్కహాల్ వాడతాం! స్పిరిట్ గుడ్డతో తుడిస్తే అవి ఈ మూల నుంచి ఆ మూలకి జరుగుతాయి, అంతే. యూవీ మీద కూడా అతిగా నమ్మకం పెట్టుకోకూడదు. ఈ ముక్కలు సుమారు 100 అక్షరాల పొడవే ఉంటాయి. అంత చిన్నదాంట్లో యూవీ దెబ్బ తగిలే చోట్లు తక్కువ, ఎండిపోయి అంటుకున్న ముక్కలకైతే ఇంకా తక్కువ. నీడ పడ్డ చోటికి ఆ వెలుగు చేరదు. యూవీ ట్యూబులైటు మీద దుమ్ము ఉంటే బలం పడిపోతుంది. మా క్లీన్ రూమ్ ట్యూబులైటు మీద వేలితో గీస్తే గీత పడింది.

వెతకడం

ల్యాబ్ మూసేశాం. శాంపిళ్లు పక్క జిల్లా ల్యాబ్‌కి పంపే ఏర్పాటు చేసుకున్నాం. పై అధికారుల నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. ఎన్ని రోజులని అడిగితే సమాధానం చెప్పలేకపోయాను.

ముందు కిట్ సంగతి తేలాలి. సీలు తీయని కిట్ ఒకటి అదే పక్క ల్యాబ్‌కి పంపి, వాళ్ల క్లీన్ రూమ్‌లో, వాళ్ల పైపెట్లతో, వాళ్ల నీళ్లతో రన్ చేయించాం. గీత చదునుగా వచ్చింది. కిట్‌లో తప్పు లేదు. మిగిలింది మా గదులే.

స్టెరైల్ స్వాబ్‌లను న్యూక్లియేజ్ (డీఎన్ఏ, ఆర్ఎన్ఏలని తెంపే ఎంజైము) లేని నీళ్లలో తడిపి, ఒక్కో చోటా రుద్ది, ఆ నీళ్లనే శాంపిల్‌గా వేసి చూశాం. తలుపు పిడులు, ఫ్రిజ్ పిడి, పైపెట్ల బొడిపెలు, సెంట్రిఫ్యూజ్ మూత, రిజిస్టర్, దాని పక్క పెన్ను, కుర్చీ చేతులు, చివరికి నేల తుడిచే కర్ర, బక్కెట్ అంచు. ఆ కర్ర దగ్గర కూడా తీద్దామన్నది ఒక పీజీ అమ్మాయి. నాకైతే తట్టలేదు.

వీటీఎం ట్యూబులు తెరిచే ఎక్స్‌ట్రాక్షన్ గదిలో ఎక్కువ వస్తుందనుకున్నాం. అక్కడ చాలా చోట్ల ఏమీ రాలేదు. మూసిన ప్లేటు తప్ప ఇంకేదీ రాకూడని మెషీన్ గదిలో మాత్రం ఎక్కడ రుద్దినా వచ్చింది. ఇక అన్నిటికంటే బలంగా వచ్చినవి రెండు: మెషీన్ గది మూలనున్న ప్లాస్టిక్ జాడీ అంచు, నేల తుడిచే కర్రకున్న తడి కుచ్చు.

జాడీ

ఆ జాడీ ఎందుకు ఉందని అడిగాను. రాత్రి షిఫ్టు టెక్నీషియన్ బ్యాక్టీరియాలజీ నుంచి వచ్చినవాడు, ఇరవై ఏళ్ల అనుభవం ఉంది.

"వాడేసిన ట్యూబులండి మేడం. మూతలు తీసి హైపోలో నానబెడుతున్నాను."

బ్యాక్టీరియాలజీలో అది సరైన పని. కల్చర్ ట్యూబు మూత తీయకపోతే మందు లోపలికి వెళ్లదు, సూక్ష్మజీవి చావదు. మేమందరం అలాగే నేర్చుకున్నాం. పీసీఆర్‌లో మాత్రం రన్ అయిన ట్యూబు మూత ఏ కారణానికైనా సరే తీయకూడదు. వైరస్ ఎక్స్‌ట్రాక్షన్ దగ్గరే చనిపోయింది. ఆ ట్యూబులో ఉన్నది కోట్లాది డీఎన్ఏ ముక్కలు మాత్రమే. మూత టప్‌మని ఊడినప్పుడల్లా తుంపర లేస్తుంది. మన ల్యాబ్‌లలో జాగ్రత్త కోసం రన్ అయిన ప్లేట్లను ఆటోక్లేవ్‌లో, అంటే ఒత్తిడితో ఆవిరి పట్టించే యంత్రంలో, పెట్టేవాళ్లూ ఉన్నారు. అదీ వద్దు. 121 డిగ్రీల ఆవిరికి సీలు ఊడి అవే ముక్కలు గదంతా పరుచుకుంటాయి.

ఆ మాట నేను అతనికి ముందే చెప్పి ఉండాల్సింది. ట్రైనింగ్‌లో పీపీఈ కిట్ ఎలా వేసుకోవాలి, ఎలా విప్పాలి, చేతులు ఎలా కడగాలి అన్నీ చెప్పాను. ఇది చెప్పలేదు. అతను నిలబడి "తప్పయిపోయిందండి" అంటుంటే నాకు బాధేసింది. తప్పు చెప్పని నాది, చేసిన అతనిది కాదు.

హైపో

సరే, మూత తీశాడు, కానీ వేసింది హైపోలోనే కదా? స్పిరిట్ చేయలేని పని హైపో చేస్తుంది. తాజా హైపో, అర శాతం నుంచి ఒక శాతం, కనీసం పది పదిహేను నిమిషాలు తడిగా నిలిస్తే డీఎన్ఏని ముక్కలు ముక్కలు చేస్తుంది. మరి జాడీ అంచున, నేల మీద అంత ఎలా మిగిలింది?

క్యాన్ మీద 5 శాతం అని రాసి ఉంది. ఒక పాలు హైపోకి నాలుగు పాళ్లు నీళ్లు కలిపితే 1 శాతం వస్తుందని లెక్క. రోజూ ఆ లెక్క ప్రకారమే కలుపుతున్నారు. ఆ క్యాన్లు మాత్రం మే నెల నుంచి మేడ మీద రేకుల షెడ్డులో ఉన్నాయి. స్టోర్‌లో చోటు లేక నేనే సంతకం పెట్టి అక్కడ పెట్టించాను.

బయోకెమిస్ట్రీ విభాగంలో నా సహాధ్యాయిని అడిగితే టైట్రేషన్ చేసి చూపించింది. హైపోని పలచన చేసి, పొటాషియం అయొడైడ్, కొంచెం ఎసిటిక్ ఆమ్లం వేసింది. ఫ్లాస్క్‌లో నీళ్లు టీ డికాక్షన్ రంగుకి తిరిగాయి. ఎంత ముదురు రంగైతే అంత క్లోరిన్ ఉన్నట్టు. బ్యూరెట్ నుంచి థయోసల్ఫేట్ చుక్కచుక్కగా వదులుతూ, రంగు లేత పసుపుకి రాగానే పిండి ద్రావణం రెండు చుక్కలు వేసింది. నల్లని నీలం తేలింది. ఆ నీలం పోయేదాకా ఇంకో నాలుగు చుక్కలు. "ఇంత తొందరగా అయిపోయిందేంటే?" అంది. ఆ మాటతోనే అర్థమైంది. లెక్క వేస్తే 5 శాతం అని రాసి ఉన్న క్యాన్‌లో 2 శాతం కూడా లేదు. దాన్ని మళ్లీ అయిదు పాళ్లు చేసి వాడుతున్నాం.

సోడియం హైపోక్లోరైట్ ఎండకీ వేడికీ తనంతట తానే విరిగిపోతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే విరిగే వేగం మూడు రెట్లకు పైగా పెరుగుతుంది. మన మే నెల ఎండలో రేకు కింద రెండు నెలలంటే ఏం మిగులుతుంది? వాసన మాత్రం పోదు. ఘాటు చూసి అందరం పని చేస్తోందనే అనుకున్నాం. ముక్కుతో కొలిచే వస్తువు కాదది.

ఇంకో సంగతి. బలమున్న హైపో అయినా చల్లి వెంటనే తుడిచేస్తే ప్రయోజనం లేదు. తుడిచిన చోటు కొంతసేపు తడిగా ఉండాలి. మేం హడావుడిలో వెనకాలే పొడిగుడ్డ వేసేవాళ్లం, బెంచీ తొందరగా కావాలని.

కర్ర

మా ల్యాబ్ తుడిచే ఆవిడకి యాభై దాటి ఉంటాయి. లాక్‌డౌన్‌లో బస్సుల్లేనప్పుడు కూడా ఊరి నుంచి నడిచి వచ్చింది. ఆవిడని పిలిచి, తప్పు పట్టడానికి కాదమ్మా, రోజూ ఎలా తుడుస్తావో ఒకసారి చేసి చూపించు అన్నాను.

వరండా చివరన మెషీన్ గది దగ్గర కుళాయి ఉంది. బక్కెట్ అక్కడే నింపుకుంది. ఆ గది దగ్గర కాబట్టి ముందు అదే తుడిచింది. తర్వాత ఎక్స్‌ట్రాక్షన్ గది. చివరగా క్లీన్ రూమ్. కర్ర అదే, నీళ్లూ అవే. మేం మనుషులకి గీసిన దారిని ఆ కర్ర రోజూ వెనక్కి నడిచింది.

"క్లీన్ రూమ్ అని మీరే అన్నారు కదమ్మా, అందుకే అది ఆఖర్న మళ్లీ మళ్లీ తుడుస్తాను. ఆ రోజు మీరు రెండుసార్లు తుడవమంటే నాలుగుసార్లు తుడిచాను" అంది.

33 నుంచి 31కి ఎలా దిగిందో అప్పుడు తెలిసింది. గుమ్మం దగ్గర గోడకి ఆనుకుని కాసేపు అలాగే నిలబడిపోయాను. వన్ వే దారి గురించి మేం గోడ మీద అంటించిన కాగితం ఇంగ్లీషులో ఉంది. ఆవిడకి దాని గురించి ఎవరం ఒక్క ముక్క చెప్పలేదు.

సరిచేయడం

తెరిచిన రీఏజెంట్లన్నీ పారేశాం. ప్రాణం ఉసూరుమంది, ఆ రోజుల్లో కిట్లు దొరకడమే కష్టం. క్లీన్ రూమ్‌కి కొత్త పైపెట్లు, కొత్త ఫిల్టర్ టిప్పులు పెట్టాం. పాత గుడ్డలు, కుచ్చులు పసుపు సంచిలో వేసి పంపించేశాం. కొత్త హైపో క్యాన్ తెప్పించి, టైట్రేషన్ చేయించి, 1 శాతం కలిపి, పైనుంచి కిందికి, క్లీన్ రూమ్ నుంచి మెషీన్ గది వైపు తుడుచుకుంటూ వెళ్లాం. గడియారం చూసి 15 నిమిషాలు తడిగా ఉంచాం. ఆ తర్వాత నీళ్లతో తుడిచాం, లేకపోతే హైపో స్టీలుని తినేస్తుంది. చివరగా స్పిరిట్. రిజిస్టర్ గదులు దాటడం మానేసింది. ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుకున్నాం. మెషీన్ గదిలోకి వెళ్లిన మనిషి ఆ రోజు మళ్లీ క్లీన్ రూమ్‌లో అడుగు పెట్టకుండా షిఫ్టులు మార్చాం. రన్ అయిన ప్లేటు సీలు తీయకుండా రెండు జిప్‌లాక్ సంచుల్లో వేసి బిల్డింగు బయటికి పంపేశాం.

నాలుగో రోజు స్వాబ్‌లు మళ్లీ వేశాం. మెషీన్ గదిలో ఇంకా రెండు చోట్ల వచ్చింది, ఏసీ జాలీ ఒకటి, మెషీన్ కింది బల్ల అంచు ఒకటి. మళ్లీ తుడిచాం. ఆరో రోజు ఎన్‌టీసీ 40 సైకిళ్లూ చదునుగా పోయింది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఎవరో టీ తెప్పించారు.

అన్నిటికన్నా కష్టమైన పని ఆ తర్వాతే మొదలైంది. తేడా మొదలయ్యే ముందు రోజుల్లో 31 దాటి వచ్చిన పాజిటివ్‌లన్నీ వెనక్కి తీశాం. ఫ్రిజ్‌లో దాచిన వీటీఎం నుంచి మళ్లీ ఎక్స్‌ట్రాక్షన్ చేసి, కొత్తగా రన్ చేశాం. వాటిలో కొన్ని నెగెటివ్ వచ్చాయి. ఆ రిపోర్టులు సవరించి, వార్డులకి నేనే ఫోన్ చేసి చెప్పాను. ఒక ముసలాయనని అప్పటికే నాలుగు రోజులుగా కోవిడ్ వార్డులో ఉంచారు. ఆయన తర్వాత క్షేమంగా ఇంటికెళ్లాడని తెలిసేదాకా నాకు నిద్ర పట్టలేదు.

హైపోతో ఇంకో ప్రమాదం

ఇది జరిగిన వారానికే ఇంకో ముప్పు తప్పింది. హైపో బలం గురించి నేను అంతగా చెప్పేసరికి, ఒక కుర్ర టెక్నీషియన్ ఎక్స్‌ట్రాక్షన్ వ్యర్థాన్ని కూడా తాజా హైపో జాడీలో పోయబోయాడు. పక్కనున్న సీనియర్ చేయి పట్టుకుని ఆపింది. ఎక్స్‌ట్రాక్షన్ కిట్‌లోని లైసిస్ బఫర్‌లో, అంటే వైరస్‌ని పగలగొట్టే ద్రావణంలో, గ్వానిడిన్ థయోసయనేట్ ఉంటుంది. దానికి హైపో తగిలితే సయనైడ్ జాతి విషవాయువులు పుడతాయి. మూసిన ఏసీ గదిలో అది ప్రాణాల మీదకి వస్తుంది. లైసిస్ బఫర్ ఒలికితే ముందు నీళ్లతో, సబ్బుతో పూర్తిగా తీసేయాలి, హైపో జోలికి పోకూడదు. ఆ వ్యర్థానికి వేరే డబ్బా పెట్టి, దాని మీద తెలుగులో పెద్ద అక్షరాలతో "హైపో పోయరాదు" అని రాయించాం. బాత్రూమ్ కడిగే యాసిడ్‌తో హైపో కలపకూడదన్నది కూడా అప్పుడే ల్యాబ్ తుడిచే ఆవిడకి చెప్పాం. క్లోరిన్ లేస్తుంది. హైపోలో నానిన చెత్తని ఆటోక్లేవ్‌లో పెట్టకూడదన్నది కూడా అందుకే.

ఆగస్టులో మా వాళ్లు ముగ్గురికి కరోనా వచ్చింది. క్యాబినెట్ సరిగ్గా లాగుతోందా, పీపీఈలో తేడా ఉందా అని మళ్లీ తలకిందులయ్యాం. క్యాబినెట్ బాగానే ఉంది. ముగ్గురూ ఒకే షిఫ్టు, ఒకే చిన్న గదిలో తలుపులేసి, ఏసీ వేసుకుని, మాస్కులు తీసి కలిసి భోజనం చేసేవాళ్లు. ఎక్కడ అంటుకుందో గట్టిగా రుజువు చేయలేం గానీ, నాకు మాత్రం అనుమానం ఆ గది మీదే. ఆ గది బల్లని రోజుకి మూడుసార్లు స్పిరిట్‌తో తుడిచేవాళ్లం, కిటికీ మాత్రం ఎవరం తెరవలేదు. కిటికీకి కొట్టిన మేకులు పీకించి, భోజనం వేళలు విడగొట్టాం. వైరస్ ప్రధానంగా గాలి ద్వారా పోతుందని, బల్లల మీద నుంచి అంటడం అరుదని తర్వాత తేలింది కానీ, ఆ నెలలో మాకు అంత స్పష్టత లేదు.

కర్రల సంగతి మాత్రం ఆవిడే తేల్చింది. మేం గదికో రంగు అని పేర్లు రాసిన స్టిక్కర్లు అంటిస్తే తడికి ఊడిపోయాయి. ఆవిడ ఇంటి నుంచి పాత చీర అంచులు తెచ్చి, క్లీన్ రూమ్ కర్రకి తెల్లది, మెషీన్ గది కర్రకి ఎర్రది గట్టిగా ముడేసింది. కొన్నాళ్లకి కొత్తగా వచ్చిన హౌస్ సర్జన్ ఒకడు క్లీన్ రూమ్ ముందు నీళ్లు ఒలకబోసి, చేతికందిన కర్ర తీసుకుని తుడవబోయాడు. వరండా అవతల నుంచి ఆవిడ కేక వేసింది.

"ఆగు బాబూ, అది ఎర్రది. ఆ గుమ్మంలోకి రాకూడదు."